షుగర్ ఉన్నవారికి ఒక్క తొడే నొప్పెట్టి కండ కరుగుతుంటే: ఇంట్లో చూడాల్సినవి, డాక్టరుకు చెప్పాల్సినవి

షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయంటే అందరికీ గుర్తొచ్చేది ఒకటే: అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం. అది వేళ్ల దగ్గర మొదలై, రెండు కాళ్లకూ సమానంగా, ఏళ్ల తరబడి మెల్లగా పైకి పాకుతుంది. ఇక్కడ చెప్పబోయేది దాని గురించి కాదు. అరుదుగా వచ్చే మరికొన్ని ఉన్నాయి. అవి ఎక్కువగా ఒక పక్కనే మొదలవుతాయి, రోజుల్లో ముదురుతాయి, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వవు. పైగా వాటిలో కొన్ని షుగర్ అదుపులో ఉన్నవాళ్లకే, ఈమధ్యే షుగర్ బయటపడ్డవాళ్లకే వస్తాయి. "నా షుగర్ బాగానే ఉందిగా, ఇది దానివల్ల కాదులే" అనుకుని చాలామంది దారి తప్పేది అక్కడే. తర్వాత నడుము ఎమ్మారై, డిస్కు, ఆపరేషన్ అంటూ తిరుగుడు మొదలవుతుంది.

తొడ నొప్పి, తర్వాత మోకాలు వంగిపోవడం

దీనికి డయాబెటిక్ అమయోట్రఫీ అని పేరు. 1890లో జర్మన్ వైద్యుడు లూడ్విగ్ బ్రన్స్ గుర్తించాడు, 1950లలో ఇంగ్లండ్ లోని లీడ్స్ లో హ్యూ గార్లండ్ ఈ పేరు పెట్టాడు. ఇప్పటి న్యూరాలజిస్టులు రిపోర్టులో లంబోసాక్రల్ రాడిక్యులోప్లెక్సస్ న్యూరోపతీ అని రాస్తారు, రెండూ ఒకటే. షుగర్ ఉన్న వందమందిలో సుమారు ఒకరికి వస్తుంది. ఎక్కువగా 50 దాటినవాళ్లు, టైప్ 2 వాళ్లు.

వచ్చే వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు తుంటిలోనో గజ్జల్లోనో తొడ ముందువైపో తీవ్రమైన నొప్పి. లోపల కోస్తున్నట్టు, కాలుస్తున్నట్టు ఉంటుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో ఆ తొడలో బలం పోతుంది: మెట్లెక్కలేరు, కింద కూర్చుంటే లేవలేరు, నడుస్తూ ఉండగా మోకాలు చటుక్కున వంగి పడిపోతారు. తొడ కండ చూస్తుండగానే సన్నబడుతుంది. దీంతోపాటు బరువు తగ్గుతారు. రెండు మూడు నెలల్లో 5 నుంచి 15 కేజీల దాకా తగ్గేవాళ్లున్నారు, అందుకే ఇంట్లోవాళ్లకు ముందు క్యాన్సర్ భయం పట్టుకుంటుంది. కొన్ని వారాలకో నెలలకో రెండో కాలికీ రావచ్చు.

అసలు లోపల ఏం జరుగుతోందంటే, నడుము దగ్గర వెన్ను నుంచి బయలుదేరే నరాల వేళ్లు, అవి అల్లుకున్న చోటు, అక్కడి నుంచి కాలిలోకి దిగే నరాలు, వీటికి రక్తం తెచ్చే సన్నని నాళాలు వాస్తాయి. రక్తం అందక నరం చచ్చుబడుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు నరం ముక్కలు తీసి చూసి ఈ సంగతి తేల్చారు. అంటే ఏళ్లకొద్దీ పెరిగిన షుగర్ మెల్లగా నరాన్ని తినేయడం లాంటిది కాదు ఇది. షుగర్ 140 ఉన్నా రావడానికి కారణం అదే.

ఇంట్లో చేసి చూసుకోవాల్సినవి

పక్కన ఒక మనిషిని ఉంచుకుని చేయండి. ఒంటరిగా చేసి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది, అప్పుడిక అసలు జబ్బును పట్టించుకునేవాళ్లుండరు.

మొదట కుర్చీ. చేతులు లేని, కూర్చునే ఎత్తు ఓ 45 సెంటీమీటర్లున్న కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవండి. లేవలేకపోతే, లేదా తొడల మీద చేతులు ఆనించి నొక్కుకుంటూ లేస్తుంటే, తొడ పైభాగం, తుంటి కండరాలు బలహీనపడ్డట్టు.

తర్వాత టేపు. బల్ల మీదో మంచం మీదో కాళ్లు చాపి వదులుగా ఉంచండి. మోకాలి చిప్ప పైఅంచు నుంచి పైకి సరిగ్గా 15 సెంటీమీటర్లు కొలిచి పెన్నుతో గీత గీయండి. రెండు తొడలకూ అక్కడే చుట్టుకొలత తీయండి. టైలరు టేపు చాలు, కానీ బిగించి లాగకండి. ఒక సెంటీమీటరు తేడా మామూలు మనుషుల్లోనూ ఉంటుంది. 2 సెంటీమీటర్లు దాటినా, వారం వారం తేడా పెరుగుతున్నా, కండ కరుగుతోందనే అర్థం. ప్రతి ఆదివారం ఒకే వేళకు కొలిచి రాసుకోండి, గీత చెరిగిపోతే మళ్లీ 15 లెక్కపెట్టుకోవాలి తప్ప అంచనాగా పెట్టకూడదు.

మూడోది మడమల మీద నడక. గోడ పట్టుకుని, వేళ్లు పైకెత్తి మడమల మీద నాలుగడుగులు వేయండి. ఒక పాదం పైకి లేవకుండా వేలాడుతుంటే అది ఫుట్ డ్రాప్. మునివేళ్ల మీదా నడిచి చూడండి. ఈ రెండూ బాగానే ఉండి కుర్చీలోంచి మాత్రం లేవలేకపోతే బలహీనత తొడకు, తుంటికే పరిమితమైనట్టు. న్యూరాలజిస్టుకు ఈ ఒక్క వివరం చాలా పనికొస్తుంది.

బరువు వారానికోసారి, పొద్దున్నే, అదే బట్టల్లో చూడండి.

డిస్కు నొప్పికీ దీనికీ తేడా

యాభై దాటిన చాలామందికి నడుము ఎమ్మారై తీస్తే ఎక్కడో ఓ చోట డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. నొప్పి లేనివాళ్లకూ కనిపిస్తుంది. కాబట్టి "ఎమ్మారైలో డిస్కు ఉంది" అన్నంత మాత్రాన నొప్పి దానిదే అనడానికి లేదు. ఎమ్మారై తీయించొద్దని కాదు, తీయించాలి. అందులో కనిపించింది మనిషి చెప్పే బాధతో సరిపోతోందా అని అడగాలి.

డిస్కు నొప్పి ఎక్కువగా పిరుదు నుంచి తొడ వెనకగా పిక్క దాటి పాదం దాకా దిగుతుంది. దగ్గితే, తుమ్మితే, వంగితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. తొడ కండ ఇంత వేగంగా కరగదు, బరువు తగ్గదు. అమయోట్రఫీ నొప్పి తొడ ముందువైపు, గజ్జల్లో. ఎలా పడుకున్నా అలాగే ఉంటుంది, రాత్రికి ఇంకా పెరుగుతుంది. డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు ఎగరదు. బలహీనత ఒక్క నరానిది కాకుండా తొడ ముందు కండ, తుంటిని మడిచే కండ, తొడ లోపలి కండ, ఒక్కోసారి మడమ దాకా, కలగాపులగంగా ఉంటుంది.

ఇంకొకటి మన దగ్గర మరిచిపోకూడనిది. షుగర్ ఉన్నవాళ్లకు నడుము లోపల సోయాస్ అనే కండరంలో చీము పట్టొచ్చు, వెన్నెముక టీబీ నుంచి కూడా చీము అక్కడికి దిగొచ్చు. జ్వరం, గజ్జల్లో నొప్పి, కాలు చాపితే ప్రాణం పోయేంత బాధ, మోకాలు ముడుచుకునే పడుకోవడం, ఇవన్నీ కలిస్తే ముందు ఆ చీము లేదని స్కానింగ్ లో తేల్చుకోవాలి.

అదే రోజు ఆస్పత్రికి వెళ్లాల్సిన గుర్తులు

మూత్రం ఆగిపోవడం, మలం తెలియకుండా పోవడం, జీను మీద కూర్చుంటే తగిలే భాగమంతా మొద్దుబారడం: నడుము లోపల నరాల గుత్తి నొక్కుకుపోతోంది, గంటల్లో చూడాలి. రెండు కాళ్ల బలహీనత రెండు మూడు రోజుల్లో పైకి పాకుతూ చేతుల్లోకి రావడం, మింగడం కష్టమవడం, ఆయాసం: ఇది నరాలను రోజుల్లో చచ్చుబరిచే గీలన్ బారీ అనే జబ్బు కావచ్చు, వెంటిలేటరున్న ఆస్పత్రికే నేరుగా వెళ్లండి. కాలు వాచి, ఎర్రబడి లేదా నల్లబడి, పొక్కులు లేచి, జ్వరంతో మనిషి మగతగా ఉంటే కండను కుళ్లబెట్టే ఇన్ఫెక్షన్ కావచ్చు. వీటిలో ఏదున్నా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

ఎవరి దగ్గరికి, ఏం పట్టుకుని వెళ్లాలి

బోర్డు మీద "న్యూరో" అని ఉంటే చాలదు. వెళ్లాల్సింది న్యూరో ఫిజీషియన్, అంటే న్యూరాలజిస్టు దగ్గరికి. న్యూరో సర్జన్ దగ్గరికి ముందే వెళితే వెన్నువైపే దృష్టి పోవడం సహజం. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ఆస్పత్రుల్లో న్యూరాలజీ విభాగాలున్నాయి. ఒక కాగితం మీద ఇవి రాసి తీసుకెళ్లండి: నొప్పి మొదలైన తేదీ, బలహీనత మొదలైన తేదీ, ఆ రెంటి మధ్య ఎన్ని రోజులు, గత ఏడాదిలో మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ అంకెలు తేదీలతో సహా, ఇన్సులిన్ గానీ కొత్త షుగర్ మాత్ర గానీ ఎప్పుడు మొదలైంది, తొడ కొలతలు, బరువు, వాడే మాత్రలన్నీ.

మాత్రల జాబితా ఎందుకంటే, మెట్‌ఫార్మిన్ ఏళ్లపాటు వాడితే బీ12 తగ్గుతుంది, అదీ నరాలను దెబ్బతీస్తుంది. కొలెస్ట్రాల్ కి వేసుకునే స్టాటిన్ వల్ల కొందరికి కండరాల నొప్పి, బలహీనత వస్తాయి. అయితే స్టాటిన్ వల్ల వచ్చేది రెండు పక్కలా ఉంటుంది, ఒక్క తొడకే రాదు.

రక్తపరీక్షల్లో మామూలుగా సీపీకే (కండ దెబ్బతింటే పెరిగేది), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఉంటే పెరిగేది), క్రియాటినిన్, పొటాషియం, థైరాయిడ్, బీ12, విటమిన్ డి అడుగుతారు. అసలు పరీక్ష నరాలకు చిన్న కరెంటు ఇచ్చి చూసే ఎన్‌సీఎస్, కండలో సన్నని సూది పెట్టి చూసే ఈఎంజీ. ఇందులో ఒక మెలిక ఉంది. నరం దెబ్బతిన్న మార్పులు కండలో సూదికి కనబడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నొప్పి మొదలైన నాలుగో రోజున చేయించి "నార్మల్" అని వస్తే అది నార్మల్ కాదు, తొందరపడి చేయించిన పరీక్ష. మూడు వారాలకు మళ్లీ చేయించాలి. కొందరికి వెన్ను నీరు తీసి చూస్తారు, అందులో ప్రోటీన్ పెరిగి ఉంటుంది. బలహీనత రెండు కాళ్లలో, పాదాల్లో కూడా రెండు నెలలకు మించి పెరుగుతూనే పోతుంటే సీఐడీపీ అనే వేరే జబ్బేమో చూడాలి. దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్, స్టెరాయిడ్లతో మంచి చికిత్స ఉంది కాబట్టి దాన్ని వదిలేయకూడదు.

మందుల సంగతి

కరిగిన కండను తిరిగి తెప్పించే మాత్ర లేదు. "నరాల బలానికి" అంటూ నెలల తరబడి పొడిపించుకునే బీ కాంప్లెక్స్ సూదులు, బీ12 తక్కువ లేనివాళ్లకు ఒరగబెట్టేదేమీ లేదు. మందులు నొప్పికే. డాక్టర్లు సాధారణంగా మొదలుపెట్టే మోతాదులు ఇవి, సొంతంగా కొనుక్కోవడానికి మాత్రం కాదు.

ప్రిగాబలిన్ 75 మిల్లీగ్రాములు రాత్రిపూట, అవసరాన్ని బట్టి పెంచుతూ పోతారు. మత్తు, తూలుడు, పాదాల వాపు దీని గుణాలు. అసలే మోకాలు నిలవని మనిషి రాత్రి రెండింటికి బాత్రూముకు లేచి పడేది ఈ మత్తులోనే, కాబట్టి మొదటి వారం మంచం పక్కనే మూత్రం సీసా పెట్టుకోవడం మేలు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి. ఒక్కసారిగా ఆపేయకూడదు. అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రికి చవక, నిద్ర కూడా పట్టిస్తుంది. కానీ ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు మూత్రం బిగిస్తుంది, గ్లకోమా, గుండె లయ సమస్యలు ఉన్నవాళ్లకు పనికిరాదు. పెద్దవాళ్లకు ముందు ఈసీజీ తీయడం మంచిది. డులాక్సెటిన్ అయితే భోజనం తర్వాత రోజుకు 30 మిల్లీగ్రాములు, వారం గడిచాక 60. ఏ మందైనా రెండు వారాలు చూడకుండా పనిచేయలేదని తీర్పు చెప్పకండి.

స్టెరాయిడ్ల దగ్గర వాదం ఉంది. రక్తనాళాల వాపు కాబట్టి తొలి వారాల్లో ఇస్తే నొప్పి తగ్గుతుందని చూశారు. బలం త్వరగా వస్తుందని మాత్రం గట్టిగా రుజువు కాలేదు. ఇస్తే న్యూరాలజిస్టే ఇవ్వాలి, షుగర్ డాక్టరుకు ముందే చెప్పాలి. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ షుగర్ ని మధ్యాహ్నం భోజనం తర్వాత నుంచి సాయంత్రం దాకా పెంచుతుంది. పరగడుపున చూసి "110 ఉంది, ఫర్వాలేదు" అనుకుంటే పొరపాటు. ఆ రోజుల్లో సాయంత్రం షుగర్ చూడాలి.

పసరు పట్లు, కాపడాలు, గట్టి మర్దనలు వద్దు. స్పర్శ తగ్గిన కాలికి వేడి నీళ్ల సంచి పెడితే చర్మం కాలినా తెలియదు. షుగర్ ఉన్నవాళ్ల పాదాల పుండ్లలో ఇలా మొదలయ్యేవి తక్కువేం కాదు.

బలం వచ్చేదాకా ఇల్లు, నడక, తిండి

నొప్పి వారాల్లో తగ్గుతుంది, బలం నెలల్లో వస్తుంది. ఈ మధ్యకాలంలో పడకుండా చూసుకోవడమే పెద్ద పని.

నేల మరుగుదొడ్డి మానేయండి. కమోడ్ ఉన్నా, దాని మీద 10 సెంటీమీటర్ల ఎత్తు ప్లాస్టిక్ సీటు బిగిస్తే లేవడానికి తొడ బలం తక్కువైనా చాలు. పక్కగోడకు పట్టుకునే కడ్డీ వేయించండి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు, ఊడి చేతికొస్తుంది. స్నానం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చేయాలి. ఫుట్ డ్రాప్ ఉంటే గడప పెద్ద శత్రువు: వేలాడే వేళ్లు సరిగ్గా దాని అంచుకే తగులుతాయి. గడపల దగ్గర రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి. పంచె, చీర కుచ్చిళ్లు, నైటీ చీలమండకు పైనే ఉండాలి. తలుపుల ముందు పరిచిన గోనెపట్టాలు, కాలు తుడుచుకునే పాత చీర ముక్కలు తీసేయండి.

చేతికర్ర బలహీనమైన కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. అందరూ అదే పక్క పట్టుకుంటారు, తప్పు. నిలబడి చేయి వదులుగా వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. దిగడమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దిగేటప్పుడు మోకాలు వంగకుండా పట్టి ఉంచేది ఈ పోయిన కండే. కుడి కాలు బలహీనమైతే కారు నడపకూడదు, స్కూటరు మీద కాలు ఆనించి నిలబడడం కూడా నమ్మకం లేదు.

పాదం వేలాడుతుంటే ఏఎఫ్‌ఓ అనే పలుచని ప్లాస్టిక్ పట్టీని పాదానికి కొలిచి చేయించుకోవాలి. దాన్ని మేజోడు లేకుండా తొడగొద్దు. మొదటి వారం గంటకోసారి తీసి చర్మం చూడండి. ఎర్ర మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే అక్కడ పట్టీని సరిచేయించాలి. స్పర్శ లేని పాదం తనంతట తాను ఫిర్యాదు చేయదు.

వ్యాయామం రెండు మెట్లలో. నొప్పి బాగా ఉన్న వారాల్లో, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దాన్ని నొక్కుతూ తొడ బిగించి 5 లెక్కపెట్టి వదలండి, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. కాలు నేల మీంచి లేచే బలం వచ్చాక, మోకాలు వంచకుండా కాలు 10, 15 సెంటీమీటర్లు ఎత్తి ఆపడం మొదలుపెట్టండి. ఆపైన ఎత్తు కుర్చీలోంచి లేవడం: సీటు మీద రెండు దిళ్లు పెట్టి మొదలెట్టి, లేవడం సులువైన కొద్దీ ఒక్కోటి తీసేస్తూ రండి. మర్నాడు కూడా కండ నొప్పిగా ఉంటే ముందురోజు ఎక్కువ చేసినట్టు.

తిండి దగ్గర ఒక తప్పు చాలా ఇళ్లలో జరుగుతుంది. షుగర్ వల్ల వచ్చిందని తెలియగానే అన్నం పూర్తిగా మాన్పించి రెండు పుల్కాల మీద పెడతారు. మనిషి అప్పటికే వారానికో కేజీ తగ్గుతున్నాడు, కండ పెరగడానికి ఏం మిగులుతుంది? కిడ్నీలు బాగుంటే కేజీ బరువుకు గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ అందాలి. 60 కేజీల మనిషికి రోజుకు 60 నుంచి 72 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములుంటుంది, మిగతాది పప్పు, పెరుగు, చేప, కోడి, సెనగల్లోంచి రావాలి. షుగర్ పెరిగితే ఇన్సులిన్ సరిచేసుకోవాలి గానీ కంచం ఖాళీ చేయకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఈ లెక్క తమ డాక్టరునే అడగాలి.

కండకే రక్తం ఆగితే

ఇది ఇంకా అరుదు. 1965లో స్వీడన్ వైద్యులు మొదట రాశారు; డయాబెటిక్ మజిల్ ఇన్‌ఫార్క్షన్ అంటారు. పైదానిలో దెబ్బ నరానికి, ఇందులో నేరుగా కండకే. ఎక్కువగా ఏళ్లకొద్దీ షుగర్ ఉండి, అప్పటికే కిడ్నీలు, కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లకు వస్తుంది. దెబ్బ తగలకుండానే తొడలోనో పిక్కలోనో ఒక్కసారిగా నొప్పి, వాపు, చేతికి తగిలే గట్టి గడ్డ. కదలకుండా ఉన్నా నొప్పి ఉంటుంది.

ముందు చేయాల్సింది డాప్లర్ స్కాన్, కాలి సిరలో రక్తం గడ్డకట్టడం (డీవీటీ) కాదని తేల్చుకోవడానికి. తర్వాత ఎమ్మారై. కిడ్నీలు బాగా తగ్గినవాళ్లకు గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించడంలో ప్రమాదం ఉంది. ఈ జబ్బును గుర్తించడానికి కాంట్రాస్ట్ లేని ఎమ్మారై చాలామందికి సరిపోతుంది, ఆ మాట అడగండి. సీపీకే నార్మల్ గా వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు, చాలామందిలో పెరగదు. గడ్డను కోసి ముక్క తీయడం, ఆపరేషన్ చేయడం వల్ల మానడం ఆలస్యమవుతుంది. చీమో క్యాన్సరో అన్న అనుమానం గట్టిగా ఉంటేనే అది.

చికిత్స విశ్రాంతి. ఇక్కడ పైన చెప్పినదానికి పూర్తిగా ఎదురు: మొదటి వారాల్లో ఫిజియోథెరపీ, మర్దన వద్దు, నొప్పి పెరిగి దెబ్బ విస్తరించవచ్చు. ఇంట్లో బాత్రూముకు నడవడం వరకు చాలు. తక్కువ మోతాదు ఆస్పిరిన్ చాలామంది డాక్టర్లు ఇస్తారు. నొప్పికి పారాసెటమాల్. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మెడికల్ షాపులో కొని వేసుకోవడమంటే ఉన్న కాస్త కిడ్నీనీ పోగొట్టుకోవడమే. వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది. దాదాపు సగం మందికి అదే కాలికో రెండో కాలికో మళ్లీ వస్తుంది, కాబట్టి ఎమ్మారై ఫిల్ములు పారేయకండి.

షుగర్ వేగంగా దించినప్పుడు వచ్చే మంటలు

1933లోనే ఇన్సులిన్ న్యూరైటిస్ అని రాశారు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల్లో 2 పాయింట్లకు మించి పడితే, ఉదాహరణకు 13 నుంచి 8కి వస్తే, ఎనిమిది వారాల లోపు ఒళ్లంతా, ముఖ్యంగా కాళ్లలో, భరించలేని మంటలు మొదలు కావచ్చు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, కడుపు ఉబ్బరం కూడా వస్తాయి. ఎంత ఎక్కువ పడితే ప్రమాదం అంత ఎక్కువ. ఇన్సులిన్ తోనే కాదు, మాత్రలతోనూ, కఠినమైన పథ్యంతోనూ ఇలా జరుగుతుంది. రోగి సహజంగా అనుకునేది "ఇన్సులిన్ పడలేదు" అని, మానేస్తాడు. మానకూడదు. ఈ మంటలు నెలల్లో తగ్గుతాయి, నొప్పి మందులు ఎక్కువ మోతాదులో కావాల్సి రావచ్చు. చాలా ఎక్కువ షుగర్ తో మొదలుపెట్టేవాళ్లు, ప్రాణాపాయం లేనప్పుడు, సగటును నెలల మీద దించమని అడగాలి. మొదలుపెట్టే ముందు రెటీనా పరీక్ష చేయించుకోవాలి, వేగంగా దిగితే రెటీనా కూడా చెడవచ్చు.

వడ్డాణం చుట్టిన చోట, కంటి దగ్గర

ఛాతీ కిందో పొట్ట మీదో ఒక పక్క పట్టీలా మంట, చొక్కా తగిలినా చురుకు, ఆ పక్క పొట్ట కాస్త ఉబ్బి హెర్నియాలా కనబడడం: ఇది పక్కటెముకల వెంట నడిచే నరాలకు వచ్చింది. గుండె, పిత్తాశయం అంటూ ఎండోస్కోపీలు, సీటీలు అయ్యాక గానీ గుర్తుకురాదు. గుండె, అక్కి లేవని చూసుకోవాలి. అక్కి పొక్కులు నొప్పి తర్వాత కొన్ని రోజులకు లేస్తాయి కాబట్టి చర్మం రోజూ చూడండి. నెలల్లో తనే తగ్గుతుంది.

ఉన్నట్టుండి ఒక కనురెప్ప వాలిపోయి, రెప్ప ఎత్తి చూస్తే ఒకటి రెండుగా కనబడితే మూడో కపాల నరానికి రక్తం అందలేదన్నమాట. షుగర్ వల్ల వచ్చినప్పుడు నరం లోపలి పోగులు దెబ్బతింటాయి, కంటిపాపను నడిపే పోగులు అంచున ఉంటాయి గనక తప్పించుకుంటాయి. మొబైల్ లైటు వేసి రెండు కంటిపాపలూ చూడండి. వాలిన కంటిపాప పెద్దదిగా ఉండి లైటుకు ముడుచుకోకపోతే మెదడు రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతుండవచ్చు, ఆ గంటలోనే ఆస్పత్రి. పాప బాగానే ఉన్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. సాధారణంగా మూడు నెలల్లో సర్దుకుంటుంది, అప్పటిదాకా రెండుగా కనబడకుండా ఒక కంటికి ప్యాచ్ వేసుకోవచ్చు.

కానీ రెప్ప వాలడంతోపాటు ముఖం ఒక పక్క నొప్పి, వాపు, బుగ్గ మొద్దుబారడం, ముక్కులోంచి నల్లటి లేదా రక్తపు చెమ్మ, అంగిట్లో నల్ల మచ్చ, పళ్లు కదలడం ఉంటే అది నరం జబ్బు కాదు, మ్యూకర్ మైకోసిస్, 2021లో బ్లాక్ ఫంగస్ అని అందరి నోటా నానింది. అప్పట్లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికి ప్రత్యేక కేంద్రం చేశారు. కోవిడ్ తో పనిలేకుండా షుగర్ బాగా పెరిగినవాళ్లకు ఇప్పటికీ వస్తుంది. ఒక్క రోజు ఆలస్యం కన్ను తీసేదాకా తెస్తుంది.

ఎప్పటికి ఏం ఆశించవచ్చు

అమయోట్రఫీలో ముందు నొప్పి తగ్గుతుంది, తర్వాత బరువు పెరగడం మొదలవుతుంది, ఆపైన తొడ బలం, అన్నిటికన్నా చివర మడమ, పాదం. నరం పైనుంచి కిందికి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది గనక పాదానికి చేరేసరికి ఏడాది దాటుతుంది. తొడ కొలత ఆరు వారాలకోసారి సెంటీమీటరులో సగం పెరిగినా దారిలో ఉన్నట్టే. రెండో కాలికి నొప్పి మొదలైతే మళ్లీ మొదటి నుంచి పరీక్షలన్నీ అక్కర్లేదు, కానీ ఆ వారంలోనే న్యూరాలజిస్టుకు చెప్పాలి. రెండేళ్లకీ పాదం లేవకపోతే అది ఇక చాలావరకు అలాగే ఉంటుంది; అప్పుడు పాత ఏఎఫ్‌ఓ అరిగి ఉంటుంది, కొత్తది కొలిచి చేయించుకోవాలి. మిగిలిన వైకల్యం 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటుందని డాక్టరు భావిస్తే యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయండి, దానికి ఈఎంజీ రిపోర్టుల అసలు కాపీలు, రెండేళ్ల తొడ కొలతల కాగితం దగ్గర పెట్టుకోండి.